చెక్క చెయ్యి

ప్రెస్సు షాపు క్వార్టర్సు,
ఎండలు ముదిరిన రోజులు.

ఒసే పిడుగూ,

ఉత్తరం చూసి నవ్వుకోకు. మొన్న నువ్వు మాట మధ్యలో ఫోను పెట్టేశాక నేను నా ఫోను తీసి గోడకేసి కొట్టాను. గోడకి ఏమీ కాలేదు. మీ వదిన ముక్కలన్నీ చీపురుతో ఎత్తుతూ, "మీ అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకున్న ప్రతిసారీ ఈ ఇంట్లో ఒక వస్తువు చస్తోంది. ఇకమీదట ఉత్తరాలు రాసుకోండి. కాగితాన్ని ఎంత కొట్టినా పగలదు" అంది. కొత్త ఫోను కొనడానికి వీల్లేదట. ఆవిడ మాటకి ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు, నీకూ లేదు.

నాన్న బెల్టుని మనిద్దరి వీపుల మీదా సమానంగానే పంచాడు. కోపం మాత్రం నీకో పాలు ఎక్కువిచ్చాడు. నాకు చెయ్యి లేస్తుంది, నీకు నోరు లేస్తుంది. దేని దెబ్బ ఎక్కువ మండుతుందో మీ ఆయన్ని అడిగితే చెప్తాడు.

సరే, అసలు సంగతి. మా ప్రెస్సు మాకు చెప్పకుండా మారిపోతోంది. ఇదివరకు దాని బుర్రలో ఏదైనా మార్చాలంటే మీ కంపెనీ నుంచి ఓ మెకానిక్కు సంచి తగిలించుకుని వచ్చేవాడు. మూత విప్పేవాడు, మాతో టీ తాగేవాడు, ఏం మార్చాడో చెప్పి పోయేవాడు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. షిఫ్టుకి వెళ్ళేసరికి తెర మీద "కొత్త వెర్షన్" అని ఓ ముక్క, పక్కన ఆకుపచ్చ చుక్క, అంతే. నిన్నటిదాకా పెడల్ తొక్కాక కాస్త ఆలోచించుకుని దిగిన బ్లేడు, ఇవాళ తొక్కీ తొక్కగానే దిగుతుంది.

నీకు తెలుసుగా మా పని. నా జోడీ, అదే మన పొడుగు, ఇనప రేకుని బ్లేడు కిందికి తోసి "ఊఁ" అంటాడు. నేను పెడల్ తొక్కుతాను. బ్లేడు దిగి రేకుని కోస్తుంది. మధ్యలో చెయ్యి అడ్డమొస్తే, ముందున్న ఎర్ర కాంతి గీత తెగి బ్లేడు గాల్లోనే ఆగిపోవాలి. ఆ గీతని నమ్ముకునే మేము రోజంతా చేతులు పెట్టి తీస్తుంటాం. పొడుగుని గుర్తుపట్టావా? నీ పెళ్ళి ఫోటోలన్నిట్లో తల లేకుండా మొండెం మాత్రమే పడ్డ మనిషి వాడే.

ఈ మార్పులేంటని ఫోర్‌మన్‌ని అడిగితే, "నువ్వు తొక్కమన్నది తొక్కు, మిగతాది నీ బుర్రకి ఎక్కదు" అన్నాడు. కాలరు పట్టుకున్నాను. రెండు గుండీలు నా గుప్పిట్లోకి వచ్చేశాయి. అప్పుడు అరిచాడు, "మీ చెల్లెలి ఆఫీసు వాళ్ళే పంపుతున్నారు, వెళ్ళి ఆవిడనే అడుక్కో" అని. గుండీల సంగతి మీ వదినకి తెలీదు. ఉత్తరంలో ఎత్తకు.

అడుక్కుంటున్నాను. ఎవరు పంపుతున్నారు? చూసి పంపుతున్నారా, చూడకుండా పంపుతున్నారా?

నీ అన్నయ్య


లాబ్ పక్క గది.

కాలర్లు చింపే అన్నయ్యకి,

ఫోర్‌మన్ చెప్పింది నిజమే. పంపేది నేనే. ఇంక నా కాలరు పట్టుకో.

మెకానిక్కు పోయి పైప్‌లైన్ వచ్చింది. దానర్థం ఏంటో చెప్తాను, మధ్యలో లేచిపోకు. మా వాళ్ళు కోడ్‌లో ఏదైనా మార్చి పంపగానే పైప్‌లైన్ దానంతట అదే లేస్తుంది. ఆ కోడ్‌నీ, అది నడవడానికి కావలసిన సామాను మొత్తాన్నీ ఒక డబ్బాలో పెట్టి సీలు వేస్తుంది. కంటైనర్ అంటారులే, మనకి డబ్బా చాలు. సీలు పడ్డాక లోపల ఒక్క అక్షరం మారదు. మా లాబ్‌లో విప్పినా, మీ షాపులో విప్పినా, చంద్రుడి మీద విప్పినా అదే డబ్బా, అదే నడక. మీ టీ మెకానిక్కు ఒక్కో షాపులో ఒక్కోలా పెట్టి, కబుర్లలో పడి సగం మర్చిపోయి వచ్చేవాడు. ఆ మహానుభావుడి మీద నీకు బెంగ అక్కర్లేదు.

సీలు వేశాక పరీక్షలుంటాయి. అన్నిటికన్నా చివరిది నేను పెట్టింది. మా లాబ్‌లో మీ ప్రెస్సుకి తమ్ముడి వరసయ్యే చిన్న ప్రెస్సు ఉంది. కొత్త డబ్బా ముందు దాంట్లోకి వెళ్తుంది. బ్లేడు దిగుతుండగా మోటారుతో కదిలే ఒక కర్ర, చెక్క చేతిని కాంతి గీతలోంచి లోపలికి తోస్తుంది. బ్లేడు ఆగిందా, ఆకుపచ్చ. ఆగలేదా, చెక్క చెయ్యి ఠపీమని తెగి కింద పడుతుంది, ఎర్ర దీపం వెలుగుతుంది, డబ్బా అక్కడే చచ్చిపోతుంది. బయటికి రాదు. మొదట్లో రోజూ వేళ్ళు ఊడ్చేవాళ్ళం. వడ్రంగి చేతులకి గోళ్ళు కూడా చెక్కి ఇచ్చాడు. "అవెందుకయ్యా" అంటే, "చెయ్యన్నాక గోళ్ళుండవామ్మా" అన్నాడు. గోళ్ళున్న చెయ్యి తెగి పడితే చెక్కని తెలిసినా అందరూ తమ చేతులు వెనక్కి లాక్కుంటారు. అదీ మంచిదే. మా వాళ్ళు కోడ్ ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తున్నారు.

ఒక దొడ్డిదారి కూడా ఉంది. లాబ్ ప్రెస్సే పాడై కూర్చుంటే పైప్‌లైన్ మొత్తం ఆగిపోతుంది కదా, అప్పుడు చెక్క చేతిని తప్పించి డబ్బాని పంపడానికి. దాని తాళం నా బొటనవేలు. కంప్యూటర్‌కి గుచ్చే చిన్న ముక్క మీద నా వేలు ఆనితేనే ఆ దారి తెరుచుకుంటుంది. ఇద్దరి వేళ్ళు ఉండాలని పెడదామన్నారు ఆఫీసులో. నేను ఒప్పుకోలేదు. రెండోవాడి వేలు ఎటు వంగుతుందో నాకేం తెలుసు? నాది వంగదు. నీకు తెలుసుగా.

మీ బావ ఇప్పుడు రిలీజ్ మేనేజరు. ఏ డబ్బా ఎప్పుడు బయటికి వెళ్ళాలో ఆయన చూస్తాడు. అది వెళ్ళడానికి పనికొస్తుందా లేదా నేను చూస్తాను. ఇంట్లో కూరలో ఉప్పు దగ్గర కూడా ఇదే పద్ధతి, అందుకే రోజూ యుద్ధం.

పొడుగు అన్నయ్యకి చెప్పు, ఆ ఆకుపచ్చ చుక్క వెనకాల నేనున్నానని.

నీ పిడుగు


ప్రెస్సు షాపు క్వార్టర్సు.

పిడుగూ,

నీ ఉత్తరం క్యాంటీన్‌లో గట్టిగా చదివాను. చెక్క చేతికి గోళ్ళు అనగానే పొడుగు తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. "ఆ వడ్రంగిని నా పెళ్ళాం దగ్గరికి పంపు, నేను ఇంట్లో ఉన్నట్టు ఒక మనిషిని చెక్కి పెడతాడు" అన్నాడు. ఆ తర్వాత మాత్రం తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "మన కోసం రోజూ ఎవడో చెయ్యి తెగ్గొట్టించుకుంటున్నాడన్నమాట" అన్నాడు.

పక్క బల్లవాడు ఒకడు, "ఆడవాళ్ళ వేలి మీద నడిచే ప్రెస్సులంట" అని కూశాడు. వాడి మొహం గిన్నెలో ముంచాను. పప్పు వేడిగానే ఉంది. మూడు రోజుల జీతం కోశారు. దాని మీద నాకేం బాధ లేదు. నీకు మాత్రం చెప్తున్నా, నీ పేరు విని ఇవాళ షాపులో నలుగురు ధైర్యంగా పని చేశారు.

బావ ఉత్తరం ముక్క కూడా రాయడేం? మేనేజరయ్యాక చేతులు అరిగిపోతాయా?

నీ అన్నయ్య


ఇంటి నుంచి.

అన్నయ్యా,

రాత వంకరగా ఉంది, ఏమనుకోకు. స్నానాల గదిలో జారాను. కుడి మణికట్టు బెణికింది, ఎడమ చేత్తో రాస్తున్నా. పక్కింటావిడ పోస్టు చేస్తానంది.

మీ తెర మీద మళ్ళీ కొత్త వెర్షన్ అని వస్తుంది. పక్కన ఆకుపచ్చ చుక్క ఉంటుంది. దాన్ని నమ్మొద్దు. రేకు జారితే జారనీ, పాడైతే పాడవనీ. పొడుగు అన్నయ్యని పట్టకారుతోనే తొయ్యమను. ఎవ్వరూ చేతులు లోపల పెట్టొద్దు. నువ్వు పెడల్ తొక్కే ముందు వాడి రెండు చేతులూ నీ కళ్ళకి కనిపించాలి.

ఎందుకని అడక్కు. నా ఫోను పాడైంది. ఆఫీసుకి చెయ్యకు.

చెల్లి


ఆసుపత్రి వరండా.

నీకు,

నీ వంకర ఉత్తరం నిన్న వచ్చింది. పొడుగు చెయ్యి మొన్న పోయింది.

రేకు పెట్టాడు. "ఊఁ" అన్నాడు. తొక్కాను. రేకు కాస్త పక్కకి జారింది. ఇన్నేళ్ళుగా ఎలా సర్దుతున్నాడో అలాగే చెయ్యి పెట్టి సర్దబోయాడు. గీత తెగింది, నేను చూశాను, చేతి మీద ఎర్రగా పడింది. బ్లేడు ఆగలేదు. చప్పుడు కూడా రేకుని కోసిన చప్పుడే వచ్చింది. వాడు అరవలేదు. చెయ్యి కోసం వెతుకుతున్నవాడిలా వంగి లోపలికి చూశాడు. అప్పుడు నా మొహాన రక్తం కొట్టింది, వేడిగా.

తొక్కింది నా కాలు. వాడు ఊఁ అన్నాడు, నేను తొక్కాను. అన్నం నోట్లో పెట్టుకుంటే ఆ చప్పుడే వినిపిస్తోంది. మీ వదిన కలిపి పెడుతోంది, మింగలేకపోతున్నాను.

తెగిన చేతిని నేనే గుడ్డలో చుట్టి, వాడి ఒళ్ళో పెట్టి బండిలో తీసుకొచ్చాను. డాక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు. అతకదట. బ్లేడు మణికట్టుని కొయ్యడమే కాదు, నలిపేసిందట. పొడుగు పెళ్ళాం నా గుండెల మీద రెండు చేతులతో కొడుతూనే ఉంది. కొట్టనిచ్చాను. చెయ్యి నొప్పెట్టి ఆవిడే ఆపింది.

షాపుకి తిరిగి వెళ్ళాను. ఫోర్‌మన్ ప్రెస్సు కడిగిస్తున్నాడు. పొడుగే అజాగ్రత్తగా చెయ్యి పెట్టాడని నలుగురితో చెప్పిస్తున్నాడు. వాణ్ణి ఈడ్చి ఆ రక్తం నీళ్ళలో పడేశాను. దవడ విరిగిన చప్పుడు వినిపించింది, ఇంకోటి వేశాను. ముగ్గురు పట్టుకుంటే గానీ ఆగలేదు. నోటి నిండా రక్తంతో వాడు ఏమన్నాడో తెలుసా? "నన్ను కొడతావేంట్రా, డబ్బా లాబ్‌లో ఫెయిలైంది, చెక్క చెయ్యి తెగింది, అయినా దొడ్డిదారిన పంపారు. వేలు పెట్టింది నీ చెల్లెలు. హెడ్డాఫీసే చెప్పింది. పో, దాన్ని కొట్టు."

నేను నమ్మలేదు. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. నీకు ముందే తెలుసన్నమాట.

ఒక్కటే అడుగుతున్నా. వేలు నీదేనా? అవునంటే అవునని రాయి. కథలు రాయకు. స్నానాల గదులూ జారడాలూ నాకొద్దు. అవునని రాస్తే ఈ జన్మకి నీకూ నాకూ సరి.

పొడుగు జోడీ


పక్కింటావిడ ముందు గది.

అన్నయ్యా,

వేలు నాదే.

చింపకు. ఇంకా ఉంది. నా మీద ఒట్టేసి చెప్తున్నా, ఒక్క అక్షరం దాచను.

కోడ్‌లో ఒక మార్పు వచ్చింది, బ్లేడు ఇంకా తొందరగా దిగడానికి. డబ్బా తయారైంది. లాబ్‌కి వెళ్ళింది. చెక్క చెయ్యి తెగింది. మళ్ళీ నడిపించాను, మళ్ళీ తెగింది. ఎర్ర దీపం. నేను ఆపేశాను. మీ బావ వచ్చి లాబ్‌లో గీత తెగిందని పట్టే సెన్సరు పాతదైందని, తప్పు చూపిస్తోందని అన్నాడు. కొత్తది బిగించాను. అప్పుడూ తెగింది. షాపులకి ఫలానా రోజుకి ఇస్తానని ఆయన పైవాళ్ళకి మాటిచ్చేశాడు. "దొడ్డిదారిన పంపు, తర్వాత సరిచేద్దాం" అన్నాడు. పంపనన్నాను. "ఆ ప్రెస్సుల దగ్గర మా అన్నయ్య ఉన్నాడు" అన్నాను. "మీ అన్నయ్య కోసం కంపెనీ ఆగదు" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో. పక్కింట్లో బట్టల మెషిను గిరగిరా తిరుగుతోంది. ఆయన తన కంప్యూటర్ బల్ల మీద పెట్టి, నా సంచిలోంచి ఆ ముక్క తీసి గుచ్చాడు. "వేలు పెట్టు" అన్నాడు. లేచి వెళ్ళిపోబోయాను. జుట్టు పట్టుకుని వెనక్కి గుంజాడు. నేనూ ఊరుకోలేదు, మనింటి పిల్లని కదా, మోచేత్తో ముక్కు మీద పొడిచాను. అప్పుడు నా మొహాన్ని బల్లకి అదిమి, మోకాలు నా వీపు మీద పెట్టి, చెయ్యి వెనక్కి విరిచాడు. గుప్పిట బిగించాను. తలుపు సందులో మణికట్టు పెట్టి తలుపు మూశాడు. రెండోసారి మూసినప్పుడు వేళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి. నా బొటనవేలు పట్టుకుని నొక్కాడు. తెర మీద ఆకుపచ్చ చుక్క వచ్చింది. ఆయన నా పక్కనే కుర్చీలో కూర్చుని, ముక్కు తుడుచుకుంటూ, "ఎంత గొడవ చేశావే" అన్నాడు.

ఫోను తీసేసుకున్నాడు. పక్కింటావిడ ఫోన్లోంచి మీ ఫోర్‌మన్‌కి చేశాను. "ఆకుపచ్చ వచ్చిందమ్మా, మీరే పంపారుగా" అని నవ్వి పెట్టేశాడు. నీకు రాసిన ఉత్తరంలో నిజం చెప్పలేదెందుకంటే, నిజం తెలిస్తే నువ్వు అదే బండెక్కి వచ్చి ఆయన్ని చంపేస్తావు. పట్టకారు మాట చాలనుకున్నాను. నిన్ను జైలుకి పంపకూడదనుకుని పొడుగు అన్నయ్య చెయ్యి పోగొట్టాను. కంచే చేను మేస్తుంటే నేను కంచెకి పరువు కాపాడుతూ కూర్చున్నాను. రెండో వేలు ఉండాలన్నప్పుడు ఒప్పుకుని ఉంటే, ఆయన ఎంత విరిచినా ఒక చేత్తో ఆ దొడ్డిదారి తెరుచుకునేది కాదు. నా వేలు వంగదని విర్రవీగాను. వంచక్కర్లేదు, విరిస్తే చాలు.

ఇల్లు వదిలేశాను. ఇప్పుడు పక్కింటావిడ దగ్గరే ఉన్నాను. ఎముక రెండుచోట్ల విరిగిందట.

ఇప్పుడు నీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నా. మా లాబ్‌లో విచారణ పెట్టారు. బయటి నుంచి ఒక అధికారి వస్తున్నాడు. నిన్నూ పొడుగు అన్నయ్యనీ సాక్షులుగా పిలిపిస్తున్నాను. మీ షాపుకొచ్చిన ఆ డబ్బానే, సీలు చెదరకుండా, లాబ్ ప్రెస్సులో పెట్టి అందరి ముందూ నడుపుతాను. చెక్క చెయ్యి తెగుతుంది. అది చాలు. డబ్బా ఎక్కడ విప్పినా ఒకటే అని వాళ్ళకీ తెలుసు. నువ్వు ఆయన మీద చెయ్యి వేశావంటే మాత్రం ఆయన దెబ్బలు తిన్నవాడైపోతాడు, మనం రౌడీలమైపోతాం. రా, నిలబడు, అడిగింది చెప్పు. చెయ్యి ఎత్తకు.

నీ పిడుగు


ప్రెస్సు షాపు క్వార్టర్సు.

పిడుగమ్మా,

నీ ఉత్తరం చదివి బయల్దేరాను. మీ వదిన గది బయట గడియ పెట్టింది. తలుపు మీద గుద్ది గుద్ది నా పిడికిళ్ళు పగిలాయి, తలుపు కూడా పగిలింది. ఆ సందులోంచే మాట్లాడింది. "నీ చెల్లెలు ఎడమ చేత్తో ఇంత రాసింది, నువ్వు రెండు చేతులుండి ఆ ఒక్క మాట నిలబెట్టలేవా?"

కూర్చుని ఏడ్చాను. నిన్ను అంత మాటన్నాను, నా నోరు పడిపోను.

వస్తాం. పొడుగుతో మాట్లాడాను. వాడూ నీ మాటే అన్నాడు. చెయ్యి ఎత్తను. ఒట్టు.

అన్నయ్య


పక్కింటావిడ ముందు గది.

అన్నయ్యకి, జైలు చిరునామాకి,

కళ్ళెర్రబడ్డాక నీకేమీ కనిపించదు. చిన్నప్పుడు కూడా అంతే, ఎవర్ని ఎందుకు కొట్టావో మర్నాడు నన్నడిగి తెలుసుకునేవాడివి. అందుకే ఆ రోజు జరిగింది నేను చెప్తాను.

నువ్వు చాలాసేపు బాగానే ఉన్నావు. గోడకి ఆనుకుని నిలబడ్డావు. పొడుగు అన్నయ్య కట్టు కట్టిన మొండి చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. డబ్బాని అధికారి ముందే విప్పి ప్రెస్సులోకి ఎక్కించాను. పెడల్ నొక్కమని నిన్నే పిలిచారు, అక్కడే తప్పు జరిగింది. నువ్వు తొక్కావు, చెక్క చెయ్యి తెగి కింద పడింది. పొడుగు అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. అధికారి రాసుకోబోతున్నాడు.

అప్పుడు మీ బావ గొంతు సవరించుకున్నాడు. "చెక్కకి వేడి ఉండదు, తడి ఉండదు. సెన్సరు దాన్ని సరిగ్గా పట్టదు. మనిషి చెయ్యయితే కచ్చితంగా ఆగుతుంది. ఆయన ఆలస్యంగా పెట్టుంటాడు" అన్నాడు. పొడుగు అన్నయ్య వైపు వేలు కూడా చూపించాడు. అధికారి కలం ఆపాడు.

నువ్వు గోడ దగ్గర నుంచి ఎప్పుడు కదిలావో ఎవరూ చూడలేదు. "అయితే నీది పెట్టు బావా" అన్నావు. అంత నెమ్మదిగా నువ్వు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మెడ వెనక పట్టుకుని ఆయన మొహాన్ని ప్రెస్సు బల్లకి అదిమావు. మోకాలు వీపు మీద పెట్టావు. కుడి చెయ్యి విరిచి బ్లేడు కిందికి తోశావు. ఆయన గుప్పిట బిగించాడు. నువ్వు మణికట్టుని ఇనప అంచుకేసి కొట్టావు, వేళ్ళు విచ్చుకున్నాయి. నీ కాలు పెడల్ మీద ఉంది.

ఆయన కేక పెట్టాడు. "వద్దు, ఆగదు! ఆ డబ్బాతో అది ఆగదు! నాకు తెలుసు, ముందే తెలుసు!"

గదిలో అందరూ విన్నారు. మనం వచ్చిన పని అయిపోయింది. నేను "అన్నయ్యా, చాలు" అని అరిచాను. నువ్వు నా వైపు చూశావు కూడా. చూసి, తొక్కావు.

పొడుగు అన్నయ్య ఉన్న ఒక్క చేత్తో ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు కాబట్టి చెయ్యి మిగిలింది. మూడు వేళ్ళు పోయాయి. కాంతి గీత ఆయన చేతి మీద ఎర్రగా పడటం నేను చూశాను, బ్లేడు ఆగలేదు.

ఆ తర్వాత సంగతులు నీకు చెప్పి ఉండరు. ఆయన కేక పెట్టి చెప్పిన మాటని అధికారి రాసుకోలేదు. బలవంతంగా చెప్పించిన మాట చెల్లదట. "బలవంతంగా పెట్టించిన వేలు చెల్లిందిగా" అన్నాను. కానీ ప్రెస్సు మనిషి చేతికి ఆగలేదని రాసుకున్నాడు, కళ్ళారా చూశాడు కాబట్టి. మాట రాయలేదు, రక్తం రాశాడు. దాంతోనే తేలిపోయింది. అన్ని షాపుల్లోంచీ ఆ డబ్బా తీయించారు. పొడుగు అన్నయ్య తప్పు లేదని కాగితం మీద పెట్టారు, పరిహారం ఇస్తున్నారు. నా ఎక్స్‌రే చూసి మీ బావ మీద కేసు కట్టారు. దొడ్డిదారిని నేనే పీకేశాను. ఇప్పుడు చెక్క చెయ్యి బతికితేనే డబ్బా బయటికి. ఎవరి వేలూ చెల్లదు, నాది కూడా. లాబ్ ప్రెస్సు పాడైతే బాగయ్యేదాకా అందరూ కూర్చుని గోళ్ళు గిల్లుకోవాలి.

మీ షాపువాళ్ళు నీ పేరు చెప్పి మురిసిపోతున్నారు. చెక్క చెయ్యి చెప్పలేనిది మావాడు చెప్పించాడంటున్నారు. నిజమే, నువ్వు గెలిచావు. నువ్వు తొక్కకపోతే ఆ వేడి, తడి కబుర్లతో ఇంకో ఏడాది లాగేవాళ్ళు. అది తెలిసే ఇది రాస్తున్నాను.

నువ్వు ఆయన్ని బల్లకి అదిమిన తీరు, మోకాలు పెట్టిన తీరు, గుప్పిట విప్పించిన తీరు, నాకు తెలుసు అన్నయ్యా. ఎవరో చెప్తే కాదు, ఒంటి మీద తెలుసు. నేను నీకు ఉత్తరంలో ఎలా రాశానో అలాగే చేశావు, ఒక్కొక్కటే. నా కోసమే చేశావని తెలుసు. అయినా ఆ గదిలో నేను గోడకి జరిగిపోయి, నీ నుంచి నా మొహం ఎడమ చేత్తో కప్పుకున్నాను. నాన్న బెల్టు తీస్తే నీ వెనక దాక్కునేదాన్ని. నిన్ను చూసి భయపడటం ఇదే మొదలు.

వదిన నిన్ను చూడటానికి వస్తోంది. నన్నూ రమ్మంటోంది. రావాలనే ఉంది. నువ్వు లేకపోతే నాకెవరున్నారు? కానీ ఎదురుగా కూర్చుని నువ్వు చెయ్యి చాపితే నేను వెనక్కి తగ్గుతానేమోనని భయం. తగ్గితే నువ్వు చూస్తావు. అది నువ్వు చూడటం నాకిష్టం లేదు.

ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

నీ పిడుగు


జైలు.

పిడుగమ్మా,

నువ్వు రాసింది చాలాసార్లు చదివాను. నువ్వు "చాలు" అనడం నాకు వినిపించింది. వినిపించలేదని ఇక్కడ అందరికీ చెప్తున్నాను, నీకు చెప్పలేను. వినిపించింది, ఆగలేదు.

పొడుగు వచ్చి వెళ్ళాడు. ఎడమ చేత్తో టీ గ్లాసు పట్టుకోవడం వచ్చిందట, సగం చొక్కా మీద పోసుకుంటున్నాడట. నవ్వించాలని చూశాడు. నవ్వాను.

వదినతో రా. మధ్యలో బల్ల ఉంటుంది. నువ్వు లోపలికి వచ్చేసరికి నేను చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చుని ఉంటాను. నువ్వు వెళ్ళేదాకా ముందుకి తియ్యను. వచ్చేనెలా అంతే, ఆ పై నెలా అంతే. నువ్వు తియ్యమన్న రోజున తీస్తాను.

అన్నయ్య